కారణం రాసివ్వలేదు

బాంబూఫ్లాట్,
5 జూన్ 2025

చెల్లెలు మేరీకి,

ప్రభువు నామమున వందనాలతో నీ అన్నయ్య ప్రేమయ్య రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ వదినా, అబ్బాయి కెల్వినూ బాగానే ఉన్నాం. నీకూ, అమ్మాయి ఫేబేకీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీ ఫోను ఎప్పుడూ ఫేబే చేతిలోనే ఉంటుంది, స్పీకరు పెట్టి అంతా వింటుంది. ఇక్కడ నా కొడుకూ అంతే. ఈ దీవుల్లో హిందీ బళ్ళలో చదివిన పిల్లలిద్దరికీ తెలుగు మాట్లాడ్డమే గాని చదవడం రాదు. అందుకని మనిద్దరి మధ్య ఉండాల్సిన సంగతి కాగితం మీదే రాస్తున్నాను.

నా తుపాకీ లైసెన్సు ఆపేశారు. రెన్యువల్‌కి పెట్టిన దరఖాస్తు మీద మే ఇరవై ఆరున కాగితం వచ్చింది. అందులో ఉన్నది ఒకే వాక్యం. పోలీసు రిపోర్టును చూసిన మీదట, ప్రజల భద్రత దృష్ట్యా తిరస్కరించడమైనదట. ఆ రిపోర్టులో ఏముందో లేదు. నేనేం చేశానో లేదు. తుపాకీ తీసుకెళ్ళి ఠాణాలో అప్పగించమన్నారు, అప్పగించాను. వాళ్ళ సామాన్ల గది మాల్‌ఖానాలో దానికి ఒక చీటీ కట్టి, పాత సైకిళ్ళ పక్కన నిలబెట్టారు.

ఇరవై రెండేళ్ళయింది చెల్లీ ఆ లైసెన్సు తీసుకుని. ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ వాళ్ళు పిలవకముందే తుపాకీ ఇచ్చేసి రసీదు తెచ్చుకున్నాను. డ్యూటీకి ఫెర్రీలో చాథం వెళ్ళి వచ్చేటప్పుడు గుడ్డ సంచీ ముడి ఒక్కసారి కూడా విప్పలేదు. నా చేతిలో ఉండగా అది ఏ మనిషి వైపూ తిరగలేదు.

ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాను. ఆ గుమాస్తా కుర్చీలోంచి లేవకుండానే, "అంకుల్, రిపోర్ట్ కాన్ఫిడెన్షియల్ హై. నాకు తెలీదు, తెలిసినా చెప్పకూడదు" అన్నాడు. నా గురించి రాసిన కాగితం నేను తప్ప అందరూ చదివారన్నమాట.

సొసైటీ బ్యాంకులో నా కాపలా పని సొంత తుపాకీ ఉన్నవాడికే ఇస్తారని నీకు తెలుసు. సెక్రటరీ రామ్‌ప్రసాద్ గారు మంచివాడు కాబట్టి ప్రస్తుతానికి లాఠీతో గేటు దగ్గర నిలబెట్టాడు. అక్టోబరు ఆఖరుకి తుపాకీతో రాకపోతే ఇంకో మనిషిని తీసుకుంటామన్నాడు. యాభై ఎనిమిదేళ్ళవాడికి ఇంకెవరు పనిస్తారు?

డిగ్నాబాద్‌లో పద్మిని అని లాయరమ్మాయి ఉంది, మనవాళ్ళే. కాదన్నప్పుడు ఎందుకు కాదన్నారో రాయాలని చట్టంలో ఉందట, ముప్పై రోజుల్లో పైఆఫీసరుకి అప్పీలు వేసుకోవచ్చట. వేస్తున్నాం. అక్కడికి నీ దగ్గరికి పోలీసులెవరైనా నా గురించి అడగడానికి వచ్చారా? అది రాయి. ప్రార్థన చెయ్యి.

నీ అన్నయ్య
ప్రేమయ్య


హట్ బే,
19 జూన్ 2025

అన్నయ్యకి మేరీ వందనాలు.

నీ ఉత్తరం ఓడ దిగి, పోస్టాఫీసులో మూడు రోజులు నిద్రపోయి నిన్న నా చేతికి వచ్చింది. ఇక్కడికి ఏ పోలీసూ రాలేదు. రావాల్సిన పని కూడా లేదు నాయనా, వాళ్ళకి కావాల్సిందంతా నువ్వే మైకు పట్టుకుని చెప్పావు కదా.

మీ చర్చి సంఘం జూబ్లీకి నువ్వు చెప్పిన సాక్ష్యం ఫేబే నాకు ఫోన్లో చూపించింది. "అమ్మా, మామయ్య చూడు, హీరోలా ఉన్నాడు" అని. కెల్విన్ దాన్ని యూట్యూబులో పెట్టాడట, కింద పాట కూడా కలిపాడు. తెల్ల చొక్కా వేసుకుని, కళ్ళు మూసుకుని ఏమన్నావో గుర్తుందా? నేను పాపినై ఉన్న దినాల్లో నా చెల్లెలి భర్త గుండెలకి తుపాకీ గురి పెట్టాను, ప్రభువు ఆ తుపాకీ పేలకుండా ఆపాడు, అన్నావు. జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. ఒక ముసలమ్మ ఏడ్చింది కూడా.

మన సంఘం పెద్దల సాక్ష్యాల సంగతి నాకు తెలియనిదా. ఒకాయన లేచి నేను తాగుబోతునంటాడు, తర్వాతాయన నేను దొంగననకపోతే బాగుండదు. ఎంత పెద్ద పాపమైతే అంత పెద్ద కృప. నువ్వు పుట్టి బుద్ధెరిగాక చీమకి కూడా దారిచ్చి నడిచేవాడివి. అందరి ముందూ చిన్నబోతానని పెద్ద పాపం ఒకటి అరువు తెచ్చుకున్నావు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పోలీసువాడికి ఆ వీడియో ఎవరో చూపించి ఉంటారు, అంతకంటే ఏముంటుంది?

ఇందులో పెద్ద చిక్కేం లేదు. జూబ్లీలో చెప్పింది నిజం కాదు, ఊరికే అన్నాను అని కాగితం రాసి ఆ లాయరమ్మాయికి ఇచ్చెయ్యి. అది నిజం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఆయన దానయ్య పోయి అయిదేళ్ళయింది, వచ్చి కాదనేవాడు లేడు. ఆ వీడియో కూడా తీయించెయ్యి.

అంగన్‌వాడీలో పిల్లలకి పప్పన్నం వడ్డించే వేళయింది, ఉంటాను. వదినకి నా వందనాలు.

మేరీ


బాంబూఫ్లాట్,
14 జూలై 2025

చెల్లెలికి,

నువ్వు చెప్పిందే నిజమైంది.

వెరిఫికేషన్‌కి మా ఇంటికి వచ్చిన కానిస్టేబుల్ గణేశ్వరరావు బతు బస్తీలో ఉంటాడు. ఆదివారం వాళ్ళింటికే వెళ్ళాను. పాపం, నన్ను చూసి సిగ్గుపడి కుర్చీ వేశాడు, వాళ్ళావిడ టీ ఇచ్చింది. ఆ అమ్మాయి నన్ను చూడగానే, "మీ సాక్ష్యం రెండుసార్లు చూశానండి" అంది. గణేశ్వరరావు తల వంచుకుని చెప్పాడు. "నేను చెడ్డగా రాయలేదు అంకుల్. ఫారంలో, గతంలో ఆయుధంతో ఎవరినైనా బెదిరించారా అని ఒక గడి ఉంటుంది. ఖాళీగా పంపితే నన్ను పట్టుకుంటారు. మీరే చెప్పారు కదా అని అదే రాశాను." ఆ గడిలో ఒక్క ముక్క పడింది, పైవాడు ఆ ఒక్క ముక్క చూసి సంతకం పెట్టాడు. ఏ సంవత్సరం, ఎవరి మీద, కేసయిందా, నన్ను పిలిచి అడుగుదామా, ఏదీ లేదు.

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ గుమాస్తా మీద వచ్చింది, సంతకం పెట్టిన ఆఫీసరు మీద ఇంకా వచ్చింది. ఇరవై రెండేళ్ళు మర్యాదగా బతికిన మనిషిని ఒక్క వాక్యంతో రౌడీని చేసి, ఎందుకో చెప్పం పో అంటారా? నా ఉద్యోగం పోయినా సరే, వాళ్ళ చేత కారణం రాయించందే వదలను.

అప్పీలు వేశాం. పద్మిని కూడా నువ్వన్నట్టే అంది. "అంకుల్, చర్చిలో అందరూ కొంచెం ఎక్కువ చెప్తారు కదా, అలా అన్నానని ఒక అఫిడవిట్ ఇవ్వండి, అయిపోతుంది" అని. ఇంగ్లీషులో టైపు చేయించి నా ముందు పెట్టింది. పెన్ను కూడా తీశాను. నావల్ల కాలేదు.

అది అబద్ధమని నేను రాయలేను మేరీ. ఎందుకని అడగకు. సంఘంలో పెద్దని కాబట్టి పరువు కోసమనుకుంటావేమో, అది కాదు. వీడియో మాత్రం కెల్విన్ చేత తీయించాను, వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

వాయిదా అక్టోబరు ఎనిమిదికి ఇచ్చారు. ఇక ఈ విషయం నువ్వు మనసులో పెట్టుకోకు.

ప్రేమయ్య


హట్ బే,
10 ఆగస్టు 2025

అన్నయ్యా,

మనసులో పెట్టుకోకు అని రాస్తే పెట్టుకోకుండా ఉండడానికి ఇది బజారు సామాను కాదు. రెండు వారాలు ఆలోచించి రాస్తున్నాను. ఫేబే పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. ఏం రాస్తున్నావమ్మా అంటే వంట సరుకుల చీటీ అన్నాను.

నువ్వు అబద్ధమని ఎందుకు రాయలేవో నాకు తెలిసింది. రాస్తే ఆ తర్వాత, మరి నిజంగా జరిగిందేమిటి అని అడుగుతారు. అడిగితే నా పేరు బయటికి వస్తుంది. నన్ను కాపాడ్డానికి నువ్వు నోరు మూసుకున్నావు, నోరు మూసుకున్నందుకు నీ కూడు పోతోంది. చూస్తూ ఊరుకునేదాన్ని కాను.

మనిద్దరం ఎప్పుడూ గట్టిగా అనుకోలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. 2007 ఆగస్టులో, మేమూ బాంబూఫ్లాట్‌లోనే ఉన్నప్పుడు, ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చాం. మీ ఇంటి రేకులు మారుస్తున్నారు, వానకి తడుస్తుందని నువ్వు తుపాకీ సంచీ తెచ్చి మా తలుపు వెనకాల పెట్టి, రేపు పొద్దున తీసుకెళ్తానని వెళ్ళావు. దానయ్య తాగి వచ్చాడు. కూర చల్లారిందన్నాడు. అంతకుముందు వారం కట్టిన కట్టు ఇంకా నా చేతికి ఉంది, ఆ చెయ్యే పట్టుకుని మెలిపెట్టాడు. ఎలా తీశానో తెలియదు, తుపాకీ తీసి అతని గుండెకి ఆనించాను. చెయ్యి నాది. నువ్వు ఆ ఇంట్లోనే లేవు.

మర్నాడు నీకు ఎత్తానని మాత్రమే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. నేను నొక్కాను అన్నయ్యా. ఖాళీ తుపాకీ అని తెలుసు. తూటాలు నువ్వెప్పుడూ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడివి, ఆ జాగ్రత్త చూసి మేం నవ్వుకునేవాళ్ళం. ఖాళీదే కదా, చప్పుడైతే చచ్చేంత భయపడతాడు, ఇంకెప్పుడూ చెయ్యెత్తడు అనుకుని నొక్కాను. టిక్కుమని కూడా అనలేదు. కానీ అతను నా వేలు చూశాడు. అలాగే గోడకి జారి కూర్చున్నాడు.

ఆ రోజు తర్వాత ఆ మనిషి నా మీద చెయ్యి వేయలేదు. నెల తిరక్కుండా ఇక్కడ జెట్టీలో పని చూసుకున్నాడు, ఇక్కడికి వచ్చేశాం. తాగుడు మానలేదు గాని కొట్టడం మానాడు. ఫేబేని ఎత్తుకుని తిరిగాడు. పోయే ముందు ఆస్పత్రిలో ఒక రోజు అడిగాడు. "ఆ రోజు నువ్వు నొక్కావు కదా మేరీ, నేను చూశాను" అన్నాడు. అవునన్నాను. "మంచి పని చేశావు" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా సంసారమంతటికీ లెక్క సరిపోయిందనుకున్నాను.

అందుకే నీ వీడియో చూసినప్పుడు నవ్వుతూ రాశాను గాని నాకు ఒళ్ళు మండింది. నా బతుకులో ధైర్యంగా చేసిన పని ఏదైనా ఉందంటే అదొక్కటే. దాన్ని కూడా నువ్వే చేసినట్టు చెప్పుకున్నావు. పాపమైనా నాదే, నాది నాకివ్వు.

పద్మిని ఫోను నంబరు పంపు. తుపాకీ ఎత్తింది నేనని, ప్రేమయ్య ఆ ఇంట్లో లేడని అఫిడవిట్ ఇస్తాను. అంగన్‌వాడీ ఉద్యోగం పోతే పోనీ. ఫేబేకి ఎలాగూ ఒక రోజు చెప్పాల్సిందే.

మేరీ


హట్ బే,
21 సెప్టెంబరు 2025

అన్నయ్యా,

ఉత్తరం అందిందా? ఫోను చేస్తే వదిన తీసి నువ్వు స్నానానికి వెళ్ళావంటోంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ స్నానమే. వాయిదా దగ్గరికి వస్తోంది. పద్మిని నంబరు పంపమన్నాను.

మేరీ


బాంబూఫ్లాట్,
12 అక్టోబరు 2025

చెల్లెలు మేరీకి,

రెండు నెలలు జవాబు రాయలేదు. నీ ఫోను తీయలేదు. తప్పే.

ముందు మంచి కబురు. అప్పీలు గెలిచాం. నీ అఫిడవిట్ అక్కర్లేకపోయింది.

ఎనిమిదో తారీకున పైఆఫీసరు గారి గదిలో విచారణ అయింది. నీ ఆగస్టు ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళాను. నువ్వు జూబ్లీలో చెప్పింది నిజమేనా అని ఆయన ఒక్క మాట అడిగితే, అంతా చెప్పేద్దామనుకునే వెళ్ళాను. ఫెర్రీలో ప్రార్థన చేసుకున్నాను. పద్మినికి కూడా చెప్పలేదు.

ఆయన నన్ను ఏమీ అడగలేదు మేరీ. కింది ఆఫీసు మనిషిని అడిగారు, రిపోర్టు కాపీ ఈయనకి ఇచ్చారా అని. లేదన్నాడు. పిలిచి విన్నారా అన్నారు. లేదన్నాడు. ఆర్డరులో కారణమేది అన్నారు. అతను కాగితాలు తిరగేశాడు. పద్మిని లేచి వీడియో గురించి ఏదో మొదలుపెట్టబోతే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "గుడిలో, చర్చిలో ఎవరేం చెప్పుకున్నారో నాకనవసరం. కారణం రాయని ఆర్డరు నా దగ్గర నిలవదు" అన్నారు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆర్డరు కొట్టేసి, లైసెన్సు రెన్యువల్ చేయమని రాశారు. ఆయన ఆర్డరు మాత్రం రెండు పేజీలుంది, ఒక్కో కారణానికి ఒక్కో నంబరు వేసి.

మెట్లు దిగుతూ పద్మిని చప్పట్లు కొట్టింది. నేను కూర్చుంటానని చెప్పి అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

ఇప్పుడు నీకు రాయాల్సింది రాస్తాను. నా సాక్ష్యం అబద్ధమని నేను రాయలేకపోయింది నిన్ను కాపాడ్డానికి కాదు. నువ్వలా అనుకుని ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డావు.

ఆ తుపాకీ ఖాళీది కాదు.

మా ఇంటి రేకులు ఆ వారం మార్చిన మాట నిజమే. కానీ వానకి తడుస్తుందని నేను తుపాకీ మీ ఇంట్లో పెట్టలేదు. సంఘంలో ఎవరింట్లోనైనా పెట్టొచ్చు, సొసైటీలోనే పెట్టొచ్చు. నీ చేతికి కట్టు చూశాను. ఆదివారం దానయ్య తాగి వస్తాడని తెలుసు. మీ వీధి మలుపులో ఆగి, గొట్టం కీలు దగ్గర వంచి తెరిచి, ఒక తూటా పెట్టి మూశాను. నా జన్మలో తూటా పెట్టిన తుపాకీ పక్కకి పెట్టడం అదొక్కసారే. తలుపు వెనకాల పెట్టి, నీకు కనపడేలా సంచీ ముడి వదులుగా కట్టి వెళ్ళాను.

నువ్వు నొక్కినా ఎందుకు పేలలేదో నీకు తెలియదు. ఆ తుపాకీకి వెనకాల ఘోడా అని చిన్న సుత్తిలాంటిది ఉంటుంది, దాన్ని బొటనవేలితో వెనక్కి లాగి నిలబెడితేనే ట్రిగ్గరు పనిచేస్తుంది. నీకది తెలియక లాగలేదు. తెలిసుంటే దానయ్య ఆ రోజే పోయేవాడు. మర్నాడు పొద్దున వచ్చి, నువ్వు టీ పెడుతుండగా తూటా తీసి జేబులో వేసుకున్నాను. ఎత్తానని నువ్వు చెప్పినప్పుడు అది నా జేబులోనే ఉంది. నొక్కావని ఈ ఆగస్టు దాకా నాకు తెలియదు.

జూబ్లీ రోజు సాక్ష్యానికి పిలిచినప్పుడు పద్దెనిమిదేళ్ళుగా గొంతులో ఉన్నది బయటికి వచ్చేసింది. తూటా నాదని దాచలేను, చెయ్యి నీదని చెప్పలేను. అందుకని రెండూ నావే అని చెప్పాను. మిగతాదంతా నిజమే చెల్లీ. నేను ఒక మనిషిని చంపబోయాను.

ఆ ఆఫీసువాళ్ళు గుడ్డిగా సంతకం పెట్టారు, చట్టం ప్రకారం వాళ్ళు చేసింది తప్పే, నేను గెలవడం న్యాయమే. కానీ ఆ గడిలో గణేశ్వరరావు రాసిన ముక్క మాత్రం తప్పు కాదు. ఇది ఎవరికి చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను. నన్ను క్షమించు.

లైసెన్సు మీద ముద్ర వేయడానికి ముప్పయ్యో తారీకున స్వయంగా రమ్మన్నారు. ఆ మర్నాడు తుపాకీతో డ్యూటీకి వెళ్ళాలి.

ప్రేమయ్య


హట్ బే,
20 అక్టోబరు 2025

ప్రేమయ్య గారికి,

గారు అని రాస్తున్నందుకు ఆశ్చర్యపోకు. అన్నయ్యా అని రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను, పెన్ను సాగలేదు.

నీ ఉత్తరం చదివి అంగన్‌వాడీకి వెళ్ళాను. పిల్లలకి అన్నం వడ్డించాను. అందులో ఒకడు నా వేలు పట్టుకుని లాగితే ఉలిక్కిపడ్డాను. ఈ వేలే. ఖాళీది కదా అని నొక్కాను. పద్దెనిమిదేళ్ళుగా అది నా ధైర్యమనుకుని, కష్టం వచ్చినప్పుడల్లా తలుచుకుని బతికాను. ఇప్పుడు నువ్వు అది ధైర్యం కాదు, నీకు ఘోడా లాగడం తెలియకపోవడం అని చెప్పావు. ఉన్న ఒక్కటీ తీసేసుకున్నావు.

నీకు తెలియనిది నేనూ ఒకటి చెప్తాను. ఆ ఆదివారానికి నాకు మూడో నెల. మా ఆయనకి కూడా అప్పటికి చెప్పలేదు. తుపాకీ పేలి ఉంటే నేను జైలుకి పోయేదాన్ని, ఫేబే అక్కడ పుట్టేది. తండ్రిని చంపిన తల్లి కూతురని పెరిగేది. నువ్వు మాత్రం రోజూ ఫెర్రీ ఎక్కి, చాథంలో దిగి, సొసైటీ గుమ్మంలో నిలబడేవాడివి. నెలకోసారి పండ్లు పట్టుకుని నన్ను చూడ్డానికి జైలుకి వచ్చేవాడివి. వచ్చి నా కోసం ప్రార్థన కూడా చేసేవాడివి.

దానయ్యని నువ్వే కాల్చి ఉంటే నాకు అర్థమయ్యేది. వచ్చి నాలుగు తన్ని ఉంటే కాళ్ళకి దండం పెట్టేదాన్ని. నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళి ఉంటే చాలు. అవేవీ చేయలేదు. నాకు చెప్పకుండా, నన్నడక్కుండా, నా చేతికి అందేలా పెట్టి వెళ్ళిపోయావు. తప్పు చేసిన చెయ్యి నాది అవ్వాలి, చెయ్యించిన బుద్ధి ఎవరికీ కనపడకూడదు.

ఇరవై రెండేళ్ళు మర్యాదగా బతికిన మనిషిని ఒక్క వాక్యంతో తీసేశారని, కారణం రాసివ్వలేదని నువ్వెంత బాధపడ్డావు. లాయర్ని పెట్టావు, అప్పీలు వేశావు, రాయించందే వదలనన్నావు. మంచిదే, నేనూ నీ వైపే ఉన్నాను. మరి నా సంగతి ఎవరు విచారించాలి? నా జీవితం మీద నువ్వు మా వీధి మలుపులో నిలబడి ఒక ఆర్డరు వేశావు. దాని మీద కారణం లేదు. ఈ పెద్ద ఉత్తరంలో కూడా లేదు. రేకులున్నాయి, ముడి ఉంది, ఘోడా ఉంది, క్షమించు అని కూడా ఉంది. ఎందుకు చేశావో మాత్రం లేదు. మూడుసార్లు చదివాను, ఎక్కడా లేదు.

క్షమించడం తర్వాత సంగతి. ముందు కారణం కావాలి. నీకు వాళ్ళిచ్చినట్టే నేనూ ముప్పై రోజులు గడువిస్తున్నాను. తుపాకీ తెచ్చుకో, డ్యూటీ చేసుకో, నీ కూడు నేను పోగొట్టను. కానీ ఈ గడువులోపల నా ఎదురుగా కూర్చుని, నా మొహం చూసి చెప్పు.

మేరీ


బాంబూఫ్లాట్,
26 అక్టోబరు 2025

మేరీకి,

ముప్పై రోజులు నాకు అక్కర్లేదు. ఎల్లుండి ఓడకి టిక్కెట్టు దొరికింది. తిరుగు టిక్కెట్టు నవంబరు రెండుకి గాని లేదన్నారు. ముద్ర వేసే రోజున నేను మీ ఇంట్లో ఉంటాను. రామ్‌ప్రసాద్ గారికి చెప్పాను. గడువు గడువేనన్నాడు, సరే అన్నాను. మీ వదిన నాకు పిచ్చి పట్టిందని ఏడుస్తోంది. గెలిచిన కేసు చేతులారా పాడుచేస్తున్నానని పద్మిని ఫోనులో కేకలు వేసింది. వాళ్ళకేమీ చెప్పలేదు, ముందు నీకు చెప్పాలి.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నాతోపాటు అదే ఓడలో వస్తుంది. అందుకని పోస్టు చేయడం లేదు. నోటితోనే చెప్తాను. నీ మొహం చూసి గొంతు రాకపోతే ఇది నీ చేతికిచ్చి, నువ్వు చదివేదాకా ఎదురుగా కూర్చుంటాను.

కారణం ఇది.

దానయ్యంటే నాకు భయం. బ్యాంకు గుమ్మంలో తుపాకీతో నిలబడేవాణ్ణి, నా చెల్లెలి గుమ్మంలో నిలబడి ఇక కొట్టకురా అని ఒక్కసారి కూడా అనలేకపోయాను. అతను నా మీదికి వస్తాడని భయం. నిన్ను మా ఇంటికి తీసుకొస్తే వాకిట్లోకి వచ్చి తిడతాడని, సంఘంలో అందరూ చూస్తారని భయం. నేను చంపితే నన్ను హంతకుడంటారు, ఉద్యోగం పోతుంది. నువ్వు చంపితే, పాపం ఆడకూతురు, దెబ్బలకి తట్టుకోలేక చేసిందంటారు, జడ్జీలు కూడా జాలిపడతారు అనుకున్నాను. బాగా ఆలోచించే అనుకున్నాను. ఇంకో కారణం ఏదీ లేదు.

ఇది కాన్ఫిడెన్షియల్ కాదు. ఫేబేకి చదివి వినిపించు.

ప్రేమయ్య